పీఎఫ్ ఆఫీసులో పెన్షన్: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

పీఎఫ్ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టడం పది నిమిషాల పని. అది మంజూరు కావడం మాత్రం ఇరవయ్యేళ్ల కిందట ఏ కంపెనీ గుమాస్తా మీ పేరు ఎలా రాశాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పెన్షన్ సెక్షన్ చుట్టూ ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగాక తేలే మొదటి సంగతి ఇదే. 58 నిండాక పోర్టల్ తెరిచేవాడికి ఆ ఆఫీసు నరకం. 55 ఏళ్లకే రికార్డు సరిచూసుకున్నవాడికి అక్కడ పెద్దగా పనే ఉండదు.

ముందు డబ్బు సంగతి. ఆశలు పెంచుకుని వెళ్లి కౌంటరు దగ్గర గొడవపడేది ఎక్కువగా ఇక్కడే. 1995 నవంబరు 16న మొదలైన ఈ ఉద్యోగుల పెన్షన్ పథకానికి ఉద్యోగి జీతంలోంచి ఒక్క రూపాయి కూడా పోదు. యజమాని కట్టే వాటాలోంచి 8.33 శాతం పెన్షన్ నిధికి మళ్లుతుంది. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది 15,000 వరకే కాబట్టి నెలకు 1,250కి మించదు. కేంద్రం మరో 1.16 శాతం కలుపుతుంది. పాస్‌బుక్‌లో పెన్షన్ వాటా అని ఒక గడి ఉంటుంది చూడండి, అందులో ఎంత పోగైందో దానికీ చేతికొచ్చే పెన్షన్‌కూ సంబంధం లేదు. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. అంతే లెక్క.

అంతే అన్నాం గానీ అందులోనే ఒక మెలిక ఉంది. ఇరవయ్యేళ్లు చేశాను, 15,000 ఇంటూ 20 బై 70, అంటే 4,285 వస్తుందని ఇంట్లో చెప్పి వస్తారు. 2014 ఆగస్టు 31 దాకా చేసిన సర్వీసుకు 6,500 పరిమితి మీద, ఆ తర్వాతి సర్వీసుకు 15,000 పరిమితి మీద విడివిడిగా కడతారు. అటు పదేళ్లు, ఇటు పదేళ్లు అనుకుంటే మొదటి ముక్కకు 928, రెండో ముక్కకు 2,142, వెరసి 3,070 పైచిలుకు. ఇరవయ్యేళ్లు నిండినవారికి రెండేళ్ల బోనస్ సర్వీసు కలుస్తుంది కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది. ఈ లెక్క చేతిలో పెట్టుకుని వెళ్తే పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు పత్రం, వచ్చినప్పుడు గుండె ఆగదు. లెక్క ఎంత తక్కువ తేలినా, నెలకు 1,000 రూపాయల కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి ఉంది. ఆ వెయ్యి ఇవాళ దేనికి సరిపోతుందని అడిగితే ఏ కౌంటరులోనూ జవాబు దొరకదు.

అర్హతకు పదేళ్ల సర్వీసు కావాలి. ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కను ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదేళ్ల ఆరు నెలలు ఉన్నా పదేళ్ల కిందకే వస్తుంది. ఒకటి రెండు నెలల్లో అటూ ఇటూ ఊగేవాళ్లు జీతం లేని సెలవులు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోవాలి. చందా పడని రోజులు సర్వీసులోంచి తీసేస్తారు. చక్కెర ఫ్యాక్టరీ లాంటి సీజను పనుల్లో మాత్రం ఏడాదిలో కొన్ని నెలలే చేసినా అది పూర్తి ఏడాదే. ఈ సంగతి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడిగి వేయించుకోవాలి.

పదేళ్లు ఎలా పోతాయో కూడా చెప్పాలి. ఉద్యోగం మారినప్పుడల్లా నెట్ సెంటర్‌లో ఫారం 19తో పాటు 10సీ కూడా కొట్టించేస్తారు. 19 పీఎఫ్ డబ్బుకు. 10సీలో పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. కాస్త డబ్బు కోసం ఆరేళ్ల సర్వీసు చెరిపేసుకున్నవాళ్లకు 58లో చేయగలిగింది ఏమీ లేదు. అదే 10సీలో డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే సర్వీసు భద్రంగా ఉంటుంది. పెన్షన్ దరఖాస్తు నాడు ఆ సర్టిఫికెట్ అసలు కాపీయే అడుగుతారు, జిరాక్సు పనికిరాదు. పొలం దస్తావేజుల పక్కనే పెట్టుకోదగ్గ కాగితం అది.

ఇక దరఖాస్తు వెనక్కి రావడానికి కారణాల్లో మొదటిది మన ఇంటిపేరు. పాత రికార్డులో "కె. సత్యవతి" అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు ఉంటుంది. ముగ్గురూ ఒకరే అని ఊరంతటికీ తెలుసు, కంప్యూటరుకు తెలియదు. తండ్రి పేరు ఉండాల్సిన గడిలో భర్త పేరు పడటం, పుట్టినతేదీ బడిలో చేర్చినప్పుడు వేసిన తేదీ ఒకటీ ఆధార్‌లో ఒకటీ కావడం దీని వెంటే వస్తాయి. వీటికి మందు జాయింట్ డిక్లరేషన్, అంటే రికార్డులో వివరాలు సరిచేయమని పెట్టే దరఖాస్తు. యూఏఎన్ అంటే పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు. అది 2017 అక్టోబరు 1 నుంచి ఆధార్ ద్వారా వచ్చినదైతే చాలా సవరణలు యజమాని ప్రమేయం లేకుండా ఆన్‌లైన్‌లోనే అవుతాయి. అంతకు ముందుదైతే యజమాని ఆమోదించాలి. కంపెనీ మూతపడితే అధీకృత అధికారి సంతకంతో కాగితం మీద పెట్టాలి, అది నడిచేది కాగితం వేగంతోనే. అందుకే ఈ పనికి మూడేళ్ల ముందే దిగమని చెప్పేది.

రెండో కారణం, ఉద్యోగం మానేసిన తేదీ లేకపోవడం. కంపెనీ వేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మెంబర్ పోర్టల్‌లో మనమే వేసుకోవచ్చు. ఓటీపీ ఆధార్‌కు ముడిపడిన ఫోనుకే వస్తుంది. తేదీ తొందరపడి వేయకండి. తర్వాతి కంపెనీలో చేరిన తేదీ కన్నా ఒక్కరోజు అటైనా రెండు సర్వీసులు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు చూపిస్తుంది. అలా పడ్డాయన్న ఒక్క కారణంతో ట్రాన్స్‌ఫర్‌ను తిరస్కరించొద్దని 2025లో సర్క్యులర్ వచ్చింది. అయినా ప్రశ్న వేయించుకోవడం ఎందుకు?

మూడోది కళ్లకు కనపడదు. పీఎఫ్‌కు సొంత ట్రస్టు నడిపే పెద్ద కంపెనీల్లో చేసినవారి పీఎఫ్ డబ్బు కొత్త ఖాతాకు వచ్చేస్తుంది, సర్వీసు వివరాలు మాత్రం రావు. వాటిని మోసుకొచ్చే కాగితం పేరు అనెక్షర్ కె. పాస్‌బుక్‌లో డబ్బు చూసి అంతా వచ్చేసిందనుకోకుండా, సర్వీసు హిస్టరీ పేజీలో పాత కంపెనీ తేదీలు ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే పాత ట్రస్టు నుంచి అనెక్షర్ కె కాపీ తెప్పించుకోవాలి.

నాలుగోది యజమాని అతి ఉత్సాహం. 58 నిండాక పెన్షన్ వాటా కట్టకూడదు, ఆ మొత్తం కూడా పీఎఫ్‌కే వెళ్లాలి. జీతాల సాఫ్ట్‌వేర్ వయసు చూడదు, కట్టుకుంటూ పోతుంది. పెన్షన్ దరఖాస్తు ఫారం 10డీ పెట్టాక అది బయటపడి, ఆ నెలల డబ్బు సరైన ఖాతాకు మళ్లేదాకా ఫైలు కదలదు. 58 నిండిన నెలలో హెచ్ఆర్‌కు ఒక్క మెయిల్ పెడితే తప్పే తలనొప్పి ఇది. ఇంకా ఉద్యోగంలో ఉన్నా సరే, 58 నిండిన మర్నాటి నుంచి పెన్షన్ తీసుకోవచ్చన్నదీ చాలామందికి తెలియదు. వద్దనుకుని 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. ఉద్యోగం మానేసి 50 నుంచి 58 మధ్యలోనే కావాలంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ కోత జన్మంతా ఉంటుంది. చేతిలో వేరే దారి ఉన్నవాళ్లకు ముందస్తు పెన్షన్ మేం చెప్పం.

ఫారం 10డీ సంగతి చెప్పాలంటే, రికార్డు శుభ్రంగా ఉంటే ఆన్‌లైనే మేలు. ఆఫీసులో ఇచ్చేటట్టయితే భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో, ఇద్దరి ఆధార్, పేరూ ఐఎఫ్ఎస్‌సీ స్పష్టంగా కనిపించే పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్ చేసిన చెక్కు, 25 ఏళ్ల లోపు పిల్లలుంటే వాళ్ల వయసు ధ్రువపత్రాలు పట్టుకెళ్లాలి. విడివిడి ఫొటోలు పక్కపక్కన అతికించి తెచ్చేవాళ్లున్నారు, స్టూడియోకు మళ్లీ తిరుగుతారు. గుర్తింపు మచ్చల గడి ఖాళీగా వదలొద్దు. నామినీ వివరాల్లో భార్య పేరు ఒకలా, ఫారంలో ఇంకోలా ఉంటే ఇప్పుడు ఎవరూ పట్టించుకోకపోవచ్చు, ఆవిడ ఒక్కతే వచ్చి నిలబడ్డ రోజున పట్టించుకుంటారు.

కౌంటరులో ఫారం ఇచ్చి రసీదు లేకుండా కదలకండి. అన్నీ సరిగా ఉన్న క్లెయిమును 20 రోజుల్లో తేల్చాలని, కారణం లేకుండా ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ కమిషనరు జీతం నుంచి వసూలు చేయవచ్చని పథకంలోనే రాసి ఉంది. ఆ 20 రోజులు మొదలయ్యేది రసీదు తేదీ నుంచి. నోటి మాటగా "ఏదో తేడా ఉందండీ" అంటే ఆ తేడా ఏమిటో రాతపూర్వకంగా అడగండి. ఒక లోపం సరిచేస్తే ఇంకోటి చెప్పే అలవాటుకు అదొక్కటే కళ్లెం. రోజువారీ క్యూ కన్నా ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే నిధి ఆప్‌కే నికట్ శిబిరం నయం, అక్కడ అధికారి ఎదురుగా కూర్చుని ఫైలు చూస్తారు. అప్పటికీ తేలకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయాలి. రెండు పేజీల ఆవేదన వద్దు. యూఏఎన్, క్లెయిము ఐడీ, రసీదు తేదీ, తిరస్కరణలో రాసిన వాక్యం, ఈ నాలుగూ చాలు.

ఈ ఆఫీసు సేవలో అన్నిటికన్నా బలహీనమైనది వైకల్య పెన్షన్. నియమం నిజానికి ఉదారమైనదే. పదేళ్ల షరతు లేదు, ఒక్క నెల చందా పడినా చాలు, వయసుతో పని లేదు. కానీ ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనిచేయలేని స్థితి రావాలి. వైకల్యం శాతం తేల్చే సదరం శిబిరంలో ఇచ్చిన 40 శాతం, 60 శాతం సర్టిఫికెట్ తెచ్చి పెన్షన్ ఇవ్వండి అంటే ఇక్కడ చెల్లదు. అది రాష్ట్రం ఇచ్చే పెన్షన్‌కు పనికొస్తుంది, దీనికి పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ సూచించిన వైద్య మండలి పరీక్ష చేసి, చేస్తున్న పనికి ఇక పనికిరాడని తేల్చాలి. చాలా ఫైళ్లు ఇక్కడే చస్తాయి, దానికి కారణం మండలి కాఠిన్యం కన్నా వరస తప్పడం. ప్రమాదం జరగ్గానే కంపెనీ రాజీనామా రాయించుకుంటుంది, ఎగ్జిట్ కారణం గడిలో మామూలుగా మానేసినట్టు వేస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఆస్పత్రి కాగితాలతో వస్తే, వైకల్యం ఉద్యోగంలో ఉండగానే వచ్చిందని నిరూపించే భారం మన మీద పడుతుంది. కాబట్టి రాజీనామా సంతకానికి ముందే డిశ్చార్జి సమ్మరీ, ప్రమాద తేదీ, ఆ నెల హాజరు, చందా పడిన రుజువు ఒకచోట చేర్చాలి. ఎగ్జిట్ కారణం శాశ్వత వైకల్యం అనే పడేలా చూసుకోవాలి. ఈఎస్ఐ పరిధిలో ఉంటే అక్కడి వైకల్య భృతి వేరే దారి, వేరే ఆఫీసు. ఒకటి పెట్టాం కదా అని రెండోది వదలొద్దు.

కుటుంబ పెన్షన్‌కూ ఒక్క నెల చందా చాలు. ఉద్యోగంలో ఉండగా పోతే భార్యకో భర్తకో పెన్షన్, దాంతోపాటు ఒకేసారి ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు నిండేదాకా ఒక్కొక్కరికి అందులో 25 శాతం. తల్లీతండ్రీ ఇద్దరూ లేని పిల్లలకైతే 75 శాతం. శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న బిడ్డకు 25 ఏళ్ల పరిమితి వర్తించదు, జీవితాంతం వస్తుంది. ఇది కూడా అడిగితేనే నడిచే నియమం.

పీపీఓ చేతికొచ్చాక మాత్రం మెచ్చుకోవాలి. 2025 జనవరి నుంచి కేంద్రీకృత చెల్లింపు వచ్చింది కాబట్టి ఊరు మారినా, బ్యాంకు మారినా పీపీఓను ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు బదిలీ చేయించే పని తప్పింది. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే డిజిటల్ ధ్రువపత్రం జీవన్ ప్రమాణ్ కూడా ప్రభుత్వ పెన్షనర్లలా నవంబరులోనే ఇవ్వక్కర్లేదు. ఎప్పుడిస్తే అప్పటి నుంచి ఏడాది చెల్లుతుంది. మిగతావాళ్లంతా నవంబరులో క్యూ కడుతుంటే జూన్‌లో ఇచ్చుకోవడం తెలివి. బీడీలు చుట్టీ, ఇటుకలు మోసీ వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు యంత్రం పదిసార్లు కాదంటుంది, వాళ్లు ఫోనులో ముఖం చూపించి చేసే పద్ధతికి మారాలి. అందులో పీపీఓ నంబరు ఒక్క అంకె తప్పు కొట్టినా ప్రమాణ్ ఐడీ వస్తుంది, పెన్షన్ మాత్రం ఆగిపోతుంది. ఐడీ రాగానే పని అయిందనుకోకుండా, ఆఫీసు దాన్ని స్వీకరించిందో లేదో రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ తెరిచి చూడాలి.