సిరామిక్ కోటింగ్, బోరు నీళ్లు: నాలుగో ఏట నా అభిప్రాయం

సిరామిక్ కోటింగ్ వేసిన కారు బోనెట్ మీద నీళ్లు పోస్తే అవి గుండ్రని బొట్లుగా నిలబడి, కాస్త వాలు దొరకగానే జారిపోవడం చూసి ముచ్చటపడని వారుండరు. ఈ కోటింగ్ వేసే స్టూడియోలలో చూపించే వీడియోలన్నీ ఆ దృశ్యంతోనే మొదలవుతాయి. నాలుగో ఏడు నడుస్తున్న నా వాడకంలో మాత్రం ఆ బొట్లే ఈ కోటింగ్‌కు అతి పెద్ద బలహీనతగా తేలాయి. హైదరాబాదులో బోరు నీళ్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లలో ఉంటూ, కారును కొంతసేపైనా ఎండలో నిలపవలసి వచ్చేవారు డబ్బు కట్టే ముందే ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను. కోటింగ్ అంటే పెయింటును కాపాడడానికి దాని మీద ద్రవంగా రాస్తే గట్టిపడి నిలిచే పలచని పారదర్శక పొర; అంతకు మించిన వివరాల జోలికి పోను.

నాది ముదురు నీలం రంగు సెడాన్. కొన్న కొత్తలోనే, షోరూం వారి ప్యాకేజీ వద్దనుకుని, నగరంలోని ఒక డీటెయిలింగ్ స్టూడియోలో ఐదేళ్ల వారంటీతో రెండు పొరల కోటింగ్ వేయించాను. ఖర్చు పాతిక వేలు దాటింది. పని జరుగుతున్నంత సేపూ అక్కడే ఉండి చూశాను. ఆ పనితనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇనుప రేణువులను కరిగించే ద్రావణం కొట్టగానే, కొత్త కారే అయినా, తలుపుల కింది భాగాన ఊదా రంగు ధారలు కారాయి. ఆ తరువాత అంటుకున్న మురికిని లాగేసే క్లే బార్ అనే మెత్తని ముద్దతో రుద్ది, మెషీన్‌తో పాలిష్ చేసి, పాలిష్ జిడ్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక గాని కోటింగ్ సీసా మూత తీయలేదు. గుడ్డ చుట్టిన చిన్న బిళ్ల మీద కొద్ది చుక్కలు వేసుకుని, ఒక్కొక్కసారి రెండు జానల మేర నిలువుగానూ అడ్డంగానూ రాసి, దాని మీద ఇంద్రధనుస్సు రంగులు తేలే వరకు ఆగి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేశారు. ఎంతసేపు ఆగాలన్నదే ఈ పనిలో అసలు నేర్పు. రేకు వేడిగా ఉంటే పొర చూస్తుండగానే బిగిసిపోతుంది. తుడవడం ఆలస్యమైన చోట దట్టమైన మచ్చగా మిగిలి, మళ్లీ పాలిష్ పడితే తప్ప పోదు. అందుకే చల్లని గది లేని చోట ఏప్రిల్, మే నెలల్లో ఈ పని చేయించకపోవడం మంచిది.

మొదటి ఏడాది నాకు దీని మీద గొప్ప గురి ఉండేది. వానాకాలంలో తలుపుల మీద చిందిన బురద ఒట్టి నీటి ధారకే జారిపోయేది. మా వీధిలోని కానుగ చెట్ల కింద నిలిపిన రోజున పడే జిగురు, పావురాల రెట్ట, ఆ పూటే తుడిస్తే ఆనవాలు లేకుండా పోయేవి. కారు కడగడానికి పట్టే సమయం సగానికి తగ్గింది. ఆఫీసులో అడిగిన ప్రతివారికీ వేయించుకోమనే చెప్పాను.

రెండో వేసవిలో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నీటి చెమ్మ రాకుండా మరమ్మతులు మొదలుపెట్టి, కార్లన్నిటినీ కొంతకాలం పైకి మార్చారు. నా కారుకు పచ్చిక పక్కన, ఎండ తగిలే చోటు దక్కింది. ఆ రోజుల్లోనే బంధువుల పెళ్లికి మేము రైలులో రాజమండ్రి వెళ్లాము. పచ్చికకు తెల్లవారుజామున స్ప్రింక్లర్‌తో నీళ్లు పెడతారు. ఆ జల్లు ప్రతిరోజూ కారు ఎడమ వైపు మీదా సగం బోనెట్ మీదా పడేది, పది గంటలయ్యేసరికి ఎండకు ఆరిపోయేది. మరునాడు అవే బొట్ల మీద మళ్లీ కొత్త జల్లు. తిరిగి వచ్చి చూసేసరికి కారు కుడి వైపు నిగనిగలాడుతోంది. ఎడమ వైపు మాత్రం అంగుళం ఖాళీ లేకుండా తెల్లని వలయాలు, ఒకదాని మీద మరొకటి. ముదురు నీలం మీద అవి పది అడుగుల దూరం నుంచే కనబడుతున్నాయి. వాచ్‌మన్ బాధగా, “రోజు పొద్దుగాల్ల పొడి గుడ్డతోని తుడిసిన సార్, ఎంత తుడిసినా పోతలేవు” అన్నాడు. అతడు చెప్పింది నిజమే. ఆరిపోయాక పొడి గుడ్డతో తుడిస్తే పోయే మరకలు కావవి.

కారణం తేలికగానే అర్థమవుతుంది. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బోనేట్లు కరిగి ఉంటాయి. నీరు ఆవిరవుతుంటే అవి కార్బోనేట్లుగా మారి తెల్లని సున్నపు పొరగా మిగులుతాయి. గీజరు లోపలా కుళాయి మూతి దగ్గరా పేరుకునేది ఇదే. కోటింగ్ లేని పాత పెయింటు మీద నీరు పలచగా పరుచుకుని ఆరుతుంది కనుక ఆ సున్నం నలుగడలా చెదిరిపోతుంది. కోటింగ్ మీద అదే నీరు ఎత్తయిన బొట్టుగా నిలబడి, ఆనుకున్న కొద్దిపాటి చోటిలోనే తనలోని లవణాలన్నిటినీ వదిలి ఆరిపోతుంది. బొట్టు ఎంత గుండ్రంగా ఉంటే మరక అంత చిక్కగా పడుతుంది. నీళ్లు జారిపోయినంత వరకు కోటింగ్ గుణమే; వాలు లేని బోనెట్ మీదా, టాపు మీదా, డిక్కీ మూత మీదా జారకుండా నిలిచిపోయిన ప్రతి బొట్టూ దోషంగా మారుతుంది. ఈ రెండో సగాన్ని ఏ స్టూడియో వారూ వీడియోలో చూపించరు.

ఆ తరువాత నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొన్నాను. మా బోరు నీళ్లలో వెయ్యికి పైన చూపించింది, నగరానికి సరఫరా అయ్యే మంజీరా కుళాయి నీళ్లలో మూడు వందల లోపు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500, ఈ లవణాలకు లీటరుకు 500 మిల్లీగ్రాములను కోరదగిన హద్దుగానూ, వేరే నీరు దొరకని చోట 2000ను గరిష్ఠంగానూ పెట్టింది. అంటే తాగడానికి అనుమతించిన నీరే అయినా కారు పెయింటు మీద ఎండలో ఆరితే ఇంత పని చేయగలదన్నమాట.

మరకలు తీయడానికి మొదట వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, తడిగుడ్డను కాసేపు పరిచి చూశాను. కార్బోనేట్ ఆమ్లానికి కరుగుతుంది కనుక పైపై మరకలు సగం వరకు పోయాయి. మిగిలినవాటికి నీటి మరకల కోసమే అమ్మే రసాయనం వాడితే మరికొన్ని పలచబడ్డాయి. తక్కినవి కదలలేదు. మన దక్కను రాతి నేలలో బోరు నీటికి సిలికా కూడా తోడవుతుంది. అది వెనిగర్‌కు కరగదు. పైగా కొన్ని చోట్ల తెల్లదనం పోయినా, వెలుతురులో ఏటవాలుగా చూస్తే వలయం ఆకారంలో సన్నని గుంటలు కనిపించాయి. మరక అప్పటికే పొరను తినేసిందన్నమాట.

స్టూడియోకు తీసుకువెళితే వారంటీ కాగితం చూపించారు. నీటి మరకలు, పక్షుల రెట్ట, చెట్ల జిగురు దాని పరిధిలోకి రావు. రంగు వెలిసిపోవడం, కోటింగ్ ఊడిపోవడం వంటివి వస్తాయి. అవి కూడా ఏటా డబ్బు కట్టి మెయింటెనెన్స్ చేయించుకుంటేనే. మెయింటెనెన్స్ ఒక్కసారీ తప్పించలేదు, అయినా లాభం లేకపోయింది. సిరామిక్ కోటింగ్ వేయించేవారిలో ఎక్కువమంది ఏ మూడింటికి భయపడి వేయిస్తారో ఆ మూడూ వారంటీలో లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఐదేళ్లు, ఏడేళ్లు అన్న అంకెను పెద్ద అక్షరాలతో వేసినవారు ఈ మినహాయింపులను కూడా అంతే పెద్ద అక్షరాలతో వేయాలి.

చివరికి ఎడమ తలుపులకూ ఫెండరుకూ బోనెట్‌కూ మెషీన్ పాలిష్ తప్పలేదు. పాలిష్ చేస్తే కోటింగ్ పోతుంది. అది ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర, దాని గురించి నాకు పెద్ద చింత లేదు. నన్ను బాధించింది దాని కింద, రంగు మీద ఉండే పారదర్శక పొర, క్లియర్ కోట్. మొదటి రోజున జాబ్ కార్డు మీద రాసిన పెయింటు మందం కొలతలతో పోలిస్తే, అవే చోట్ల నాలుగైదు మైక్రాన్లు తగ్గినట్టు గేజ్ చూపించింది. ఆ గేజ్ పెయింటు పొరలన్నిటినీ కలిపి కొలుస్తుంది. అందులో క్లియర్ కోట్ వాటా సాధారణంగా నలభై మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఆ పొరే, ఒకసారి అరిగితే అది మళ్లీ పెరగదు. క్లియర్ కోట్‌ను కాపాడుకోవడానికే కోటింగ్ వేయించాను. ఆ కోటింగ్ మీద పడిన మరకలు తీయడానికి అదే క్లియర్ కోట్‌లో పదో వంతు పోయింది. నా ఫిర్యాదు అంతా ఈ ఒక్క లెక్క మీదనే ఉంది.

కోటింగ్ అమ్మేవారు చెప్పే 9హెచ్ గట్టిదనం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది పెన్సిళ్ల కొలమానం. ఆ మెట్లలో అన్నిటికన్నా గట్టి పెన్సిల్ కూడా పొరను గీరలేకపోయిందని మాత్రమే దాని అర్థం. హైదరాబాదు గ్రానైట్ మీద వెలసిన ఊరు, ఇక్కడి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7. పెన్సిళ్ల 9కీ ఈ 7కీ పోలిక లేదు, ఏ పెన్సిల్ కన్నా క్వార్ట్జ్ గట్టిది. పొడి గుడ్డతో రోజూ దుమ్ము తుడిస్తే కోటింగ్ ఉన్నా గీతలు పడతాయి, నా కారు డిక్కీ మీద పడ్డాయి కూడా. రాళ్లు ఎగిరి తగిలే ముందు భాగానికి కావలసింది నూటయాభై మైక్రాన్లకు తగ్గని, పెయింటు మీద అంటించే పారదర్శకమైన పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్). దాని పని కోటింగ్ చేయలేదు.

రెండోసారి ఎడమ వైపుకూ బోనెట్‌కూ కోటింగ్ నేనే వేసుకున్నాను. చిన్న సీసా ఒకటి సరిపోగా మిగిలింది. డిసెంబరు చలిలో, సెల్లార్‌లో, తలుపు తలుపుకూ దీపం పట్టుకుని చూసుకుంటూ చేస్తే స్టూడియో పనికీ దీనికీ తేడా కనిపించలేదు. ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, వారం రోజుల పాటు షాంపూ తగలనివ్వలేదు. అయితే ఈసారి కోటింగ్ మీద ప్రతి రెండు నెలలకూ ఒక స్ప్రే సీలెంట్ తుడుస్తున్నాను. మరక ముందు దాని మీద పడుతుంది, దానితో పాటే పోతుంది. రెండో కోటింగ్ ఇప్పటి వరకు శుభ్రంగా ఉండడానికి కారణం సీసా మీది పేరు కాదు, ఈ స్ప్రే అనే నేను నమ్ముతున్నాను.

నీళ్ల విషయంలోనూ పద్ధతి మార్చాను. షాంపూ, రుద్దుడు వరకు బోరు నీళ్లే. చివరి బకెట్ మాత్రం ఏసీ పైపు నుంచి పట్టిన నీళ్లు. గాలిలోని తేమే చల్లబడి కారే నీరు కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. నా మీటరు రెండంకెలు దాటలేదు. గాలిలో తేమ ఉన్న నెలల్లో రాత్రికి ఒక బకెట్ నిండుతుంది, ఎండలు మండే పొడి రోజుల్లో నిండదు, అప్పుడు మంజీరా నీళ్లే గతి. నీటి పొదుపు కోసం ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లతో కారు కడిగేవారు మా కాంప్లెక్స్‌లో చాలామంది ఉన్నారు. ఆ నీటిలో లవణాలు బోరు నీటి కన్నా ఎక్కువగా ఉంటాయి; ఇల్లు తుడవడానికి, బాత్రూములకు అవి పనికివస్తాయి గాని, ముదురు రంగు కారు మీద పోయవద్దని పట్టుబట్టి చెబుతున్నాను. ఇక కడిగిన వెంటనే, నీడలోనే, తడి పీల్చే పెద్ద మైక్రోఫైబర్ తువాలుతో ఆరబెట్టాలి. కోటింగ్ ఉంటే తుడవనక్కరలేదన్న మాట మెత్తని నీళ్లు దొరికే ఊళ్లకు వర్తిస్తుందేమో, మా ఇంటి దగ్గర వర్తించదు.

కారు కడగడం సగం సమయంలో అయిపోతుందని మొదట్లో చెప్పుకున్న మాటను కూడా ఇప్పుడు కొంత సవరించుకోవాలి. కడగడం సగానికి తగ్గింది నిజమే, ఆరబెట్టడం రెట్టింపయింది. వానాకాలంలో మాత్రం ఆ పాత సంతోషం ఇప్పటికీ నాకు దక్కుతోంది, ఎందుకంటే వాన నీటిలో సున్నం ఉండదు.

కాబట్టి వేయించుకోవాలా వద్దా అంటే ఎవరి ఇంటి పరిస్థితిని బట్టి వారికి జవాబు వేరుగా ఉంటుంది. కప్పు ఉన్న పార్కింగ్, మంజీరా కనెక్షన్, వారానికి ఒక గంట తీరిక ఉన్నవారికి కోటింగ్ మంచి ఫలితమే ఇస్తుంది. నా కారు కుడి వైపు నాలుగో ఏట కూడా నీళ్లను విదిలిస్తోంది. పగలంతా ఆఫీసు ఆవరణలో ఎండలో నిలిపి, బోరు నీళ్లతో కడిగించేవారైతే, ముదురు రంగు కారుకు ఆ డబ్బు పెట్టే ముందు ఒక టీడీఎస్ మీటరు కొని చూడండి, దాని ధర కొన్ని వందలే. నేను ఈ కారును మరో మూడు నాలుగేళ్లు ఉంచుకోవాలనుకుంటున్నాను, సెల్లార్‌లో నా చోటు నాకు తిరిగి వచ్చింది, అందుకే కోటింగ్ కొనసాగిస్తున్నాను. టాపు మీది మొదటి కోటింగ్ ఈ వేసవికి పలచబడేలా ఉంది. దాని మీద మళ్లీ కోటింగే వేయాలా, సీలెంట్‌తోనే సరిపెట్టాలా అన్నది వానలు తగ్గాక, నీళ్లు ఎలా జారుతున్నాయో చూసి తేల్చుకుంటాను.