ఫీనిక్స్ నడిబొడ్డున రెండు వారాలు: చదువు ఒకచోట, పడక మరోచోట

మా అమ్మాయి అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చదువుతోందని చెప్పగానే అందరూ "టెంపీలోనా?" అంటారు. ఇంజినీరింగ్, కంప్యూటర్ కోర్సుల్లో చేరే మన పిల్లలు ఎక్కువగా ఉండేది ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న ఆ ఊళ్లోని క్యాంపస్‌లోనే. మా అమ్మాయిది ఆరోగ్య రంగానికి చెందిన కోర్సు కాబట్టి తరగతులు ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో జరుగుతాయి. ఉండటం మాత్రం టెంపీలోనే. రోజూ రైల్లో అటూ ఇటూ తిరుగుతూ ఎలా నెట్టుకొస్తోందో కళ్లారా చూడాలని అక్టోబరులో నేనూ మావారూ వెళ్లాం.

ముందుగా మెచ్చుకోవలసింది రవాణాను. విమానం దిగాక స్కై ట్రెయిన్ అనే విమానాశ్రయ రైలు ఎక్కితే పైసా ఖర్చు లేకుండా 44వ వీధి స్టేషన్‌కు చేరుస్తుంది. అక్కడ లైట్ రైల్, అంటే వీధుల వెంట నడిచే నగర రైలు, ఎక్కాలి. ఒకసారికి 2 డాలర్లు, రోజంతా తిరగడానికి 4 డాలర్లు. పెట్టెలతో ఎక్కడానికి మెట్లు లేవు, ప్లాట్‌ఫారం ఎత్తూ బోగీ ఎత్తూ సమానం. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు కాబట్టి ఈ చిన్న విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను.

మొదటి నాలుగు రాత్రులు క్యాంపస్‌కు రెండు వీధుల అవతల ఒక హోటల్లో దిగాం. అది మాకు నచ్చలేదు. బుక్ చేసినప్పుడు కనిపించిన ధర ఒకటి, చివర్లో "సదుపాయాల రుసుము" పేరిట కలిపింది మరొకటి. ఆ వారం ఏదో పెద్ద సదస్సు ఉందని మిగతా రాత్రులకు దాదాపు రెట్టింపు అడిగారు. గదిలో నీళ్లు కాచుకునే పాత్ర కూడా లేదు. ఐదో రోజు టెంపీలో ఒక ఇంట్లో వంటగదితో ఉన్న గదికి మారిపోయాం. తల్లిదండ్రులు వారం దాటి ఉండేటట్లయితే అదే మేలు.

క్యాంపస్ మాత్రం నా మనసు దోచుకుంది. 2006 మార్చిలో ఫీనిక్స్ ఓటర్లు ఆమోదించిన బాండ్లలో (నగరం అప్పు తెచ్చి పన్నులతో తీర్చే పత్రాలు) 22 కోట్ల 30 లక్షల డాలర్లు ఈ ఒక్క క్యాంపస్‌కే కేటాయించారు. ఆ ఏడాది ఆగస్టులోనే తరగతులు మొదలయ్యాయి. 2008లో జర్నలిజం భవనం, ఆ డిసెంబరులో రైలు, 2016లో టెంపీ నుంచి తరలివచ్చిన లా కాలేజీ. ఊరి పన్నులతో వచ్చిన కాలేజీ కాబట్టి చుట్టూ ప్రహరీ గోడ లేదు. 1936లో కట్టిన పోస్టాఫీసును పడగొట్టకుండా విద్యార్థి కేంద్రంగా మార్చుకున్నారు. ఉత్తరాల కౌంటరు ఇంకా పనిచేస్తోంది. ఒక పెద్దాయన పార్సిల్ తూకం వేయించుకుంటుంటే, ఆయన పక్క నుంచే ల్యాప్‌టాప్ సంచులతో పిల్లలు లోపలికి వెళ్తున్నారు. ఎదురుగా ఉన్న పార్కులో 145 అడుగుల ఎత్తున వేలాడే వల శిల్పం సంధ్యవేళ ఊదారంగుకు తిరిగింది. అక్కడ గంటసేపు కదలకుండా కూర్చున్నాం.

అసలు చిక్కు పడక దగ్గర వచ్చింది. గోర్డన్ కామన్స్ (పాత పేరు టేలర్ ప్లేస్) అనే 13 అంతస్తుల జంట హాస్టల్ భవనాల్లో సుమారు 1,300 మంది ఉండవచ్చు, కానీ అది ప్రధానంగా మొదటి ఏడాది వాళ్లకు. 2021లో ఫ్యూజన్ ఆన్ ఫస్ట్ అని మరో 16 అంతస్తుల భవనం లేచింది. ఎం.ఎస్. చేయడానికి వచ్చిన మన పిల్లలు మాత్రం ఎక్కువగా బయటే వెతుక్కోవాలి.

మేము క్యాంపస్ దగ్గరే ఉన్న ఒక ప్రైవేటు విద్యార్థి భవనం చూశాం. ఫర్నిచరు, జిమ్, మేడమీద ఈత కొలను, అన్నీ ఉన్నాయి. అద్దె మాత్రం టెంపీలో మా అమ్మాయి వాటాకు దాదాపు రెట్టింపు. అమెరికాలో క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డు, లేదు కాబట్టి హామీదారుడు కావాలి, లేదంటే కొన్ని నెలల అద్దె ముందే కట్టాలి. అయితే అక్కడ ఒక మంచి పద్ధతి ఉంది. లీజు మంచానికి మంచం విడిగా రాస్తారు. పక్కగది అమ్మాయి ఖాళీ చేసినా ఆమె అద్దె మీ మెడకు చుట్టుకోదు.

దాని విలువ నాకు టెంపీలో అర్థమైంది. మా అమ్మాయి మరో ముగ్గురితో కలిసి రెండు పడకగదుల ఇంట్లో ఉంటోంది. నలుగురి సంతకాలూ ఒకే లీజు మీద ఉన్నాయి. ఒకమ్మాయికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, మిగిలిన ముగ్గురూ రెండు నెలలు ఆమె వాటా పంచుకుని కట్టారు. ఆ సంగతి ఇంట్లో మాకు చెప్పనేలేదు. "మీరు కంగారుపడతారని, అమ్మా" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. పిల్లలను పంపే ముందు అద్దె ఎంత అనే కాదు, లీజు ఎవరెవరి పేర్ల మీద, ఏ విధంగా ఉందో కూడా అడగండి.

నేను 1980లలో కోఠి ఉమెన్స్ కాలేజీలో చదివాను. గేటు దాటితే సుల్తాన్ బజార్, పుస్తకాల దుకాణాలు, మిర్చి బజ్జీల బండి. అక్కడ బజారు మధ్యలోకి కాలేజీ వచ్చింది. ఫీనిక్స్‌లో కాలేజీ ముందు వచ్చి, బజారు తీరిగ్గా వెనక నడిచింది. డౌన్‌టౌన్‌లో పూర్తిస్థాయి కిరాణా సూపర్‌మార్కెట్ తెరిచింది 2019లో, అంటే క్యాంపస్ వచ్చిన 13 ఏళ్లకు! అంతవరకు అక్కడి పిల్లలు పాలూ కూరగాయలూ ఎక్కడ తెచ్చుకున్నారోనని బెంగగా అనిపించింది. సోనా మసూరి బియ్యం కోసం ఇప్పటికీ టెంపీ వైపు వెళ్లవలసిందే. ఒక ఆదివారం బియ్యం సంచి భుజాన వేసుకుని మేమూ రైలెక్కాం.

ఎండ సంగతి కూడా చెప్పాలి. 2023లో అక్కడ వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. అలాంటి చోట స్టేషన్ నుంచి ఇల్లు పది నిమిషాల నడక అంటే చిన్న మాట కాదు. ఇల్లు చూసేటప్పుడు దారిలో నీడ ఎంత ఉందో చూసుకోవాలి.

క్యాంపస్ పక్కనే వెస్ట్‌వర్డ్ హో అనే పాత భవనం ఉంది. 1928లో పెద్ద హోటల్‌గా తెరిచారు. ఇప్పుడు తక్కువ ఆదాయం గల వృద్ధులు, వికలాంగులు అందులో ఉంటున్నారు. నర్సింగ్, సామాజిక సేవ చదివే పిల్లలు వెళ్లి వాళ్లకు సాయపడుతుంటారు. గుర్తింపు కార్డు వేసుకున్న ఒక అమ్మాయి చక్రాల కుర్చీలోని ముసలావిడను నీడకు జరిపి, మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెప్పేది శ్రద్ధగా రాసుకుంటోంది. కొత్త టవర్ల జోరులో ఈ వృద్ధుల గదులు అక్కడే ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఆగస్టులో మా అమ్మాయి లీజు ముగుస్తుంది. మంచానికి విడిగా లీజు రాసే భవనాల్లో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న రెండింటిని పట్టీలో పెట్టుకున్నాం. ఒకదానిలో కిటికీ రైలు పట్టాల వైపు ఉంది, రాత్రి గంట మోగుతూనే ఉంటుంది. రెండోదానిలో వంటగది చిన్నది. గంట చప్పుడు అలవాటైపోతుందని అమ్మాయి అంటోంది, మావారు వంటగది కొలతలు పంపించమని అడుగుతున్నారు.