డీసీ రిటర్న్ పంపు: కొనేముందు కంట్రోలర్ సంగతి అడగండి

సముద్రపు చేపల ట్యాంకుకు డీసీ (డైరెక్ట్ కరెంటు) రిటర్న్ పంపు, అంటే కింది తొట్టి నీళ్లను మళ్లీ ట్యాంకులోకి ఎక్కించే పంపు, కొనేవాళ్లు మోటారు సంగతి తర్వాత చూసుకోవచ్చు. దాని స్పీడు మార్చే డబ్బా, అంటే కంట్రోలర్, విడిగా దొరుకుతుందో లేదో ముందు అడగండి. దొరకదంటే ఆ పంపు ఎంత బాగున్నా వదిలేయండి. హైదరాబాదులో కొన్నేళ్లపాటు రాత్రింబవళ్లు ఒకే పంపు నడిపాక చెబుతున్న మాట ఇది.

నాది నాలుగడుగుల ట్యాంకు, కింద క్యాబినెట్‌లో సంపు, అంటే ట్యాంకు నీళ్లు దిగే తొట్టి. రాతి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జీవులు, అందుకే వాటి జోలికి పోలేదు. లెదర్, మష్రూమ్, జోవా లాంటి మెత్తటి పగడాలు, ఒక క్లౌన్ చేపల జంట, కొన్ని క్రోమిస్ చేపలు ఉన్నాయి. వీటికి ఉధృతమైన ప్రవాహం అక్కర్లేదు, ట్యాంకులో నీటిని కదపడానికి వేవ్‌మేకర్ వేరే ఉంది. గంటకు ఐదారుసార్లు ట్యాంకు నీళ్లన్నీ సంపు గుండా తిరిగొస్తే నాకు చాలు. పెట్టె మీద 6000 లీటర్లని చూసి ఎక్కువైపోతుందని భయపడనక్కర్లేదు. అది ఎత్తూ పైపూ లేకుండా కొలిచిన అంకె. నాలుగైదు అడుగులు పైకెక్కి రెండు ఎల్బోలు తిరిగేసరికి చాలా తగ్గుతుంది.

ఈ పంపు మీద నాకు ప్రేమ పుట్టింది ఎండాకాలంలో. నీళ్లలో మునిగి ఉండే పంపు తినే కరెంటంతా చివరికి ఆ నీళ్లనే వేడి చేస్తుంది. స్పీడు 60 శాతానికి దించితే 40 వాట్ల పంపు అందులో సగం కూడా తినదు. ట్యాంకును 26 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి మే నెలలో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఎంత కష్టపడుతుందో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. పంపు దగ్గర తగ్గిన కరెంటు చిల్లర్ దగ్గర మళ్లీ తగ్గుతుంది. పైగా మా ఇన్వర్టర్ పాత స్క్వేర్ వేవ్ రకం. దాని మీద మునుపటి ఏసీ పంపు గుర్రుమని మోగేది, వేడెక్కేది. డీసీ పంపు అడాప్టర్ మాత్రం మాట్లాడకుండా 24 వోల్టులు ఇచ్చేది.

పోయిన వేసవిలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. లైట్లు ఒక్కసారి బాగా వెలిగి మామూలయ్యాయి. అంతే, పైనుంచి సంపులోకి పడే నీటి చప్పుడు ఆగిపోయింది. క్యాబినెట్ తలుపు తీస్తే అడాప్టర్ మీద పచ్చ లైటు వెలుగుతోంది, కంట్రోలర్ మీద అంకెలు లేవు. బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి మా ఆవిడ పిలిచింది, "ఏమండీ, చేపలన్నీ పైకొచ్చేస్తున్నాయి చూడండి" అని. క్రోమిస్‌లు నీటి అంచున మూతులు పెట్టి గబగబా మొప్పలు ఆడిస్తున్నాయి.

లైట్లు లేని వేళ ట్యాంకులో ఆక్సిజన్ తయారవదు, ఖర్చు మాత్రం అవుతూనే ఉంటుంది. తెల్లవారుజాముకు అది అడుగంటుతుంది. అందుకని వేవ్‌మేకర్ ముఖం పైకి తిప్పి నీటి పైభాగం బాగా కదిలేలా పెట్టాను. అటక మీది ఏసీ పంపు దించితే దాని మూతి ముప్పావు ఇంచి, నా పైపు ఇంచి. ఆ వేళ రెండు సైజులను కలిపే రెడ్యూసర్ ఎక్కడ దొరుకుతుంది? సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైపు ఎక్కించి, జిప్ టైలతో బిగించాను. ఇనుప క్లిప్పు వేస్తే ఉప్పునీటికి తుప్పు పడుతుంది. నీళ్లు మళ్లీ తిరిగాయి, చేపలు దక్కాయి.

అసలు కడుపుమంట తర్వాత మొదలైంది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, "వారంటీ మోటారుకే సార్, కంట్రోలర్‌కు ఉండదు. విడిగా కూడా రాదు, సెట్టు మొత్తం తీసుకోవాలి" అన్నారు. రిపేరు షాపులో విప్పి చూస్తే లోపల బోర్డంతా గట్టి జిగురులో పోతపోసి ఉంది, ఏ భాగం కాలిందో కూడా కనబడదు. అదే మోడల్ వాడే మిత్రుడి కంట్రోలర్‌కు తగిలిస్తే నా మోటారు హాయిగా తిరిగింది. అరచేతిలో పట్టే డబ్బా కోసం బతికున్న మోటారును పారేయమనడం ఏం న్యాయం?

హాయిగా తిరిగింది గానీ, మోటారు విప్పి చూసినప్పుడు ఇంపెల్లర్ (నీటిని తోసే చిన్న చక్రం) అయస్కాంతం పూత మీద సన్నటి పగులు, పక్కనే గోధుమ రంగు మరక కనిపించాయి. లోపల తుప్పు మొదలైతే అది నీళ్లలో కలుస్తుంది. కాబట్టి ఆ మోటారుకు కూడా ఎంతో ఆయుష్షు ఉండేది కాదేమో. చప్పుడే ఉండదని అందరికీ చెప్పేవాణ్ణి, అదీ శుభ్రం చేసిన కొత్తలోనే. కొన్ని నెలలకు సున్నం పేరుకుని జుమ్మనడం మొదలవుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో ఇంపెల్లర్ గదిని రుద్దితే మళ్లీ సద్దుమణుగుతుంది.

మళ్లీ డీసీ పంపే కొన్నాను, వేరే కంపెనీది. దాని కంట్రోలర్ విడిగా అమ్ముతారు, ఇంకొకటి అప్పుడే తీసుకుని పక్కన పెట్టాను, అడాప్టర్‌కు స్టెబిలైజర్ తగిలించాను. ఏసీ పంపుకు సరిపడే రెడ్యూసర్, పైపు విప్పి బిగించుకునే యూనియన్ కూడా అమర్చి ఉంచాను. ఈ ఖర్చంతా కలిపితే డీసీ చవక అనడానికి లేదు. ట్యాంకు మా హాల్లో ఉంది, చిల్లర్ నడుస్తుంది, ఇన్వర్టర్ పాతది కాబట్టి నాకు గిట్టింది. జనరేటర్ ఉన్న అపార్టుమెంటులో, ఎయిర్ కండిషనర్ ఉన్న గదిలో పెట్టుకునేవాళ్లకు మంచి ఏసీ పంపు, దాని ప్రవాహం తగ్గించడానికి ఒక బాల్ వాల్వ్ సరిపోవచ్చు. కొత్తది ఇంకా ఒక్క గాలివాన కూడా చూడలేదు, దాని గురించి ఇప్పుడే ఏమీ చెప్పను.