కొత్త వ్యాపారానికి కొత్త సామానా, వాడిన సామానా?

చిన్న వ్యాపారం మొదలుపెడుతూ, దానివల్ల పర్యావరణానికి వీలైనంత తక్కువ హాని జరగాలని కోరుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే వాళ్లు మొదట చేసే పని ఏమిటంటే కొనడం. వెదురు పెన్నులు, ఆకుపచ్చ లేబుల్ ఉన్న డబ్బాలు, షాపు పేరు అచ్చువేసిన గుడ్డ సంచులు... నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు మాత్రం ఏది కొనబోయినా ముందు ఒక్క లెక్క వేసుకుంటాను. దీన్ని ఎన్నిసార్లు వాడతాం? కరెంటుతో నడిచేదైతే రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది? ఏది మేలో తేల్చేది ఆ లెక్కే.

ముందు సామాన్ల సంగతి చూద్దాం. బల్లలు, కుర్చీలు, అరలు వాడినవే తీసుకోండి. బల్లకు కరెంటు అక్కర్లేదు కదా, దానివల్ల జరగాల్సిన నష్టమంతా అది తయారైన రోజే జరిగిపోయింది. ఇంకో పదేళ్లు వాడుకుంటే కొత్త బల్ల అవసరం లేకుండా పోతుంది.

ల్యాప్‌టాప్ కరెంటుతో నడిచేదే అయినా దాని లెక్క కూడా బల్ల లాంటిదే. దాని వల్ల గాల్లో కలిసే కార్బన్‌లో ఎక్కువ భాగం చిప్పులు, తెర తయారయ్యే దశలోనే కలిసిపోతుంది. మనం వాడేటప్పుడు అది తీసుకునే కరెంటు తక్కువే. బిల్లులు వేయడానికి, మెయిళ్లు చూసుకోవడానికి కొత్త మెషీన్ ఎందుకు? బాగుచేసి అమ్మేది తీసుకుని, బ్యాటరీ మార్పించి, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్కు) వేయిస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు, అంటే పారేసిన ఎలక్ట్రానిక్, కరెంటు సామాన్లు, పోగయ్యాయి. వాటిలో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. పాత ల్యాప్‌టాప్ ఒకటి మీ బల్ల మీద పనిచేస్తోందంటే, ఆ కుప్పలో ఒకటి తగ్గినట్టే.

ఫ్రిజ్ దగ్గరకు వచ్చేసరికి ఇదంతా తలకిందులవుతుంది. అది రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తుంది, సెలవు రోజుల్లో కూడా. చవగ్గా దొరికిందని నేను ఒక పాత ఫ్రిజ్ కొన్నాను. రాత్రి షాపు మూసే వేళ వీధిలో సందడి తగ్గాక చూస్తే కంప్రెసర్ మోత ఆగేదే కాదు. డోర్ మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగితే జారి వచ్చేసింది. డోర్ రబ్బరు వదులైపోయి చల్లదనమంతా బయటికి పోతోందన్నమాట. రబ్బరు మార్పించాక కొంత నయమైంది గానీ మీటరు పరుగు పెద్దగా తగ్గలేదు. చివరికి తక్కువ కరెంటుతో నడిచే కొత్తది తీసుకోక తప్పలేదు. రోజంతా నడిచే యంత్రం ఏదైనా కొత్తది, స్టార్ రేటింగ్ బాగున్నది, అవసరానికి సరిపడే సైజుది తీసుకోవడమే మేలు. సైజు సంగతి మరీ ముఖ్యం. సగం ఖాళీగా ఉండే పెద్ద ఫ్రిజ్‌కు ఎన్ని స్టార్లున్నా దండగే.

బల్బుల విషయంలో ఎక్కువ ఆలోచించే పనే లేదు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురు ఎల్‌ఈడీ 8 నుంచి 10 వాట్లలో ఇస్తుంది. పాతది ఇంకా వెలుగుతున్నా సరే, మార్చేయండి. పాత రకం ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్‌లలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగలగొట్టకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

ఏసీ కొనేటప్పుడు కరెంటుతో పాటు లోపలి గ్యాస్ కూడా అడిగి తెలుసుకోండి. ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో లీకైతే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి చేస్తుంది. ఆర్-32 అయితే అందులో మూడో వంతే. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. నింపి వెళ్లిపోయే మెకానిక్‌ను ఆపి, ముందు ఆ లీకు మూయించండి.

ఇక సంచులు. నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. గుడ్డ సంచి ఇస్తే ప్లాస్టిక్ బెడద తీరినట్టేనని నమ్మి, షాపు తెరిచిన రోజు నుంచీ కొన్న ప్రతివాళ్లకూ ఒకటి చేతికిచ్చాను. నెల తిరిగేసరికి ఒకావిడ వచ్చి, "బాబూ, ఇంట్లో ఇవి ఆరున్నాయి, వీటిని వెనక్కి తీసుకుంటారా?" అని అడిగింది. ఆరూ మడత నలగనివే.

పత్తి పండించడానికి నీళ్లు, ఎరువులు బోలెడు కావాలి. 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం, వాతావరణంపై ప్రభావం వరకే చూస్తే, గుడ్డ సంచిని 131 సార్లు వాడితే గానీ ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ కవరుకు సాటి రాదు. 2018లో డెన్మార్క్ ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో వాతావరణం వరకే చూస్తే మామూలు పత్తి సంచిని 52 సార్లు వాడాలని తేలింది. మిగతా పర్యావరణ ప్రభావాలన్నీ కూడా చూస్తే ఆ సంఖ్య 7,100కు వెళ్లింది. అలాగని ప్లాస్టిక్ కవరే మంచిదనుకోకండి. అది ఎగిరిపోయి కాలవల్లో, సముద్రంలో చేసే చేటు ఈ లెక్కల్లో లేదు. వారానికి ఒకసారి చొప్పున ఏడాది పొడుగునా వాడితే ఆ 52కు చేరినట్టే కాబట్టి, వాడేవాళ్ల చేతిలో గుడ్డ సంచి బంగారం. ఊరికే పంచితే మాత్రం వృథా.

అందుకే నా ఓటు కొనేవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకునే సంచికే. అది పాతదైనా, ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు. తేనివాళ్లకు కాగితం సంచి ఇవ్వచ్చు, అడిగితేనే. ఆ ఆరు సంచుల్నీ తీసుకుని గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించాను, కావాల్సినవాళ్లు పట్టుకెళ్లి మళ్లీ తెచ్చిపెట్టేలా. సగం సంచులు తిరిగి వస్తున్నాయి.

"కంపోస్టబుల్" (కుళ్లి ఎరువయ్యేది) అని రాసున్న గిన్నెలు, కవర్ల సంగతీ చెప్పాలి. వాటిలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే పదార్థం పెరటి ఎరువు గుంటలో సులువుగా కుళ్లదు. 58, 60 డిగ్రీల వేడి వారాల తరబడి నిలిచే పెద్ద కంపోస్టు ప్లాంటు ఉండాలి. అది మీకు అందుబాటులో లేకపోతే ఆ గిన్నె చేరేది చెత్తగుట్టకే. పొరపాటున ప్లాస్టిక్ రీసైక్లింగ్‌లో కలిస్తే మంచి ప్లాస్టిక్‌నూ పాడుచేస్తుంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అక్కడే కూర్చుని తినే చోటైతే కడిగి వాడే స్టీలు గిన్నెలకు సాటి లేదు. పార్సిల్ తప్పనిసరైతే, మీ చెత్త తీసుకెళ్లేవాళ్లను ముందే అడిగి, వాళ్లు నిజంగా తీసుకునే రకమే కొనండి.

సౌర ఫలకాలు పెట్టాలా, ముందు వాడకం తగ్గించాలా అని కూడా చాలామంది అడుగుతారు. వాడకమే ముందు. ఎల్‌ఈడీలు, మంచి ఫ్రిజ్ వచ్చాక మూడు నెలలు రోజూ షాపు మూసేటప్పుడు మీటరు రీడింగ్ రాసి పెట్టుకోండి. ఎన్ని ఫలకాలు కావాలో ఆ పుస్తకం చూసి తేల్చుకోవచ్చు.