తులూజ్‌లో నీలిరంగు వర్తకుడి భవంతి

ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఒక్క పూటే చేతిలో ఉంటే నేరుగా ఓతెల్ దాసెజాకు వెళ్లండి. ఎస్కిరోల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. నీలిరంగు వ్యాపారంలో బాగా గడించిన పియేర్ దాసెజా 1555లో కట్టించడం మొదలుపెట్టిన ఇల్లు ఇది. 1914 నుంచి రక్షిత చారిత్రక కట్టడం. లోపలి ప్రాంగణానికి టికెట్ లేదు.

చాలామంది ఆ ప్రాంగణంలో ఒక ఫొటో తీసుకుని మ్యూజియంలోకి వెళ్లిపోతున్నారు. అక్కడే తీరిగ్గా నిలబడి చూడాలి. ఈ ఊళ్లో రాయి దొరకదు, అందుకే పాతబస్తీ అంతా ఎర్ర ఇటుకే. దూరం నుంచి రాయి తెప్పించి ఇటుకల మధ్య స్తంభాలు నిలబెట్టారంటే అది కలిమి చాటుకోవడమే. కింద డోరిక్, మధ్యలో అయోనిక్, పైన కొరింథియన్ అనే ప్రాచీన గ్రీకు శైలుల స్తంభాలు. పైకి పోయేకొద్దీ నగిషీ పెరుగుతుంది. ఒక వైపు మాత్రం గదులే లేవు, గోడకు రాతి ఆధారాల మీద కట్టిన సన్నటి వరండా ఉంది. దాసెజా ప్రొటెస్టెంటు. కాథలిక్కులతో జరిగిన మతయుద్ధాల్లో 1562లో ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ వైపు గదులు ఎప్పటికీ లేవలేదు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ గోడే.

ఆ సంపదంతా పాస్తెల్ అనే మొక్క ఆకులది. ఆకులు నూరి, ఉండలు చుట్టి, పులియబెట్టి రంగు తీసేవారు. యుద్ధాలు, పంట నష్టాలు ఆ వ్యాపారాన్ని కుంగదీశాయి. తర్వాత ఇండియా నుంచి వచ్చిన నీలిమందు ముందు అది ఇక నిలవలేదు. 17వ శతాబ్దంలో మన మచిలీపట్నం వైపు నుంచి కూడా డచ్చివాళ్లు నీలిమందు కొని యూరప్‌కు పంపారు. ఇది తెలిసి చూస్తే ఆ ఇల్లు మనకు మరీ పరాయిదిగా అనిపించదు.

లోపల బెంబెర్గ్ ఫౌండేషన్ మ్యూజియం ఉంది. మరమ్మతుల తర్వాత 2024లో మళ్లీ తెరిచారు. ఫ్రెంచ్ చిత్రకారుడు బొన్నార్ బొమ్మలున్న గదికి టికెట్ డబ్బులు పూర్తిగా న్యాయం. సోమవారం సెలవు.

బస పాతబస్తీలోనే తీసుకోండి, పొద్దున్నే జనం రాకముందు వీధులన్నీ మీవే. కాకపోతే బుక్ చేసేముందు ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా అని తప్పక అడగండి. మేం దిగిన అపార్ట్‌మెంట్ యజమాని ఆ మాటే చెప్పలేదు. ఇరుకైన మెలికల మెట్ల మీద సూట్‌కేసులు మోయడం అమ్మకు చాలా కష్టమైంది. పెద్దవాళ్లతో వస్తే కొంచెం దూరమైనా లిఫ్ట్ ఉన్న హోటలే మేలు.

శాకాహారులు కాసూలే జోలికి పోవద్దు. పైకి చిక్కుడుగింజల కూరలా కనిపించినా బాతు మాంసం, సాసేజ్ వేసి వండుతారు. విక్తోర్ యూగో మార్కెట్‌లో పళ్లు, చీజ్, రొట్టె కొనుక్కుంటే మధ్యాహ్నం హాయిగా గడిచిపోతుంది.