జాకెట్ల ఫోటోలు తొమ్మిది వేలు, రెండు రకాల ఫోన్లు: ఆల్బంలు దాటించిన నా మూడేళ్ళ అనుభవం

పర్లాకిమిడిలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఆడవాళ్ళ బట్టలే కుడతాను. గిరాకీలో సగం ఒడియా వాళ్ళు, సగం మనవాళ్ళు. పాతపట్నం, కాశీనగర్, గుణుపురం నుంచి కూడా వస్తారు. కుట్టిన ప్రతి జాకెట్టునీ ఇచ్చేసే ముందు బల్ల మీద పరిచి రెండు ఫోటోలు తీయడం 2018 నుంచీ అలవాటు. ముందు వైపు ఒకటి, వీపు వైపు ఒకటి. అవి నలభైకి పైగా ఆల్బంలు అయ్యాయి: బోట్ నెక్, కుండ మెడ, బుట్ట చేతులు, మగ్గం పని, బరంపురం పట్టు మీదకి కుట్టినవి, పిల్లల పరికిణీలు. ఒడియా గిరాకీ కోసం రెండింటికి ఒడియా లిపిలోనే పేర్లు పెట్టాను. నా షాపుకి క్యాటలాగు అంటే అదే. కొత్తగా వచ్చినావిడ చేతికి ఫోన్ ఇచ్చి, ఆల్బం తెరిచి, "చూడమ్మా, ఏది నచ్చితే అది చెప్పు" అంటాను.

ఈ ఆల్బంలని ఒకసారి ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి, ఇంకోసారి ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి దాటించాను. ఫోటోలు ఎలా పంపాలో చెప్పేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. ఆల్బం ఏమవుతుందో నాకు ముందు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటిది 2023 సంక్రాంతి వెళ్ళిన వారం. పండగ బట్టలన్నీ ఇచ్చేశాను, మాఘం పెళ్ళిళ్ళు ఇంకా మొదలవలేదు, కాస్త ఊపిరి ఆడే రోజులు. విశాఖలో ఉండే మా తమ్ముడు కొత్త ఫోన్ కొనుక్కుని, తన పాత ఐఫోన్ 11 నాకిచ్చాడు. నూట ఇరవై ఎనిమిది జీబీది. "మూవ్ టు ఐఓఎస్ అని ఒక యాప్ ఉంది అప్పా, దాంతో అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. 2015 నుంచీ ఉన్న యాప్ అది, ఆపిల్ వాళ్ళదే. పాత ఆండ్రాయిడ్ ఫోన్లో వేసుకోవాలి. దాంట్లో మెలిక ఏంటంటే, ఐఫోన్ మొదటిసారి తెరిచి హలో అనే తెరల మీద ఉన్నప్పుడే అది పని చేస్తుంది. నేనేమో ఫోన్ చేతికి రాగానే ఆత్రంగా తెరిచేసి పది రోజులు వాడేశాను. చివరికి అంతా చెరిపి మొదటికి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ పది రోజుల ఫోటోల్ని ముందుగా తమ్ముడికి పంపి దాచుకున్నాను.

మొదటి ప్రయత్నం నడి మధ్యలో ఆగిపోయింది. ఐఫోన్ ఒక కోడ్ చూపిస్తుంది, దాన్ని ఆండ్రాయిడ్‌లో కొడితే రెండు ఫోన్లూ వాటిలో అవే ఒక వైఫై పెట్టుకుని మాట్లాడుకుంటాయి. పని అయ్యేదాకా ఆ తెర మీద నుంచి కదలకూడదు, కాల్ కూడా రాకూడదు. నలభై నిమిషాలు నడిచాక, కాశీనగర్ నుంచి ఒకావిడ ఫోన్: "అమ్మా, లైనింగు మీరే వేస్తారా, నన్ను తెమ్మంటారా?" లైనింగు ఖరారయింది, ఫోటోలు ఆగిపోయాయి. రెండోసారి రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించి, ఆండ్రాయిడ్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి, రెండింటినీ ఛార్జింగుకి తగిలించి కూర్చున్నాను. నా తొమ్మిది వేల ఫోటోలకి రెండున్నర గంటలు పట్టింది. ఈలోగా చేతి కుట్టు ఉన్న జాకెట్లకి హుక్కులు కుట్టుకున్నాను.

తెరిచి చూస్తే ఆల్బంలు పేర్లతో సహా ఉన్నాయి. ఒడియా లిపిలో పెట్టిన పేర్లు కూడా చెక్కుచెదరలేదు. ఓలమ్మ, ఎంత ఊరటో! ఈ వైపు ప్రయాణానికి నేను పదికి ఎనిమిది ఇస్తాను. తగ్గించిన రెండు మార్కులూ, ఐఫోన్ కొత్తగా ఉన్నప్పుడే చేయాలన్న షరతుకి.

తేలికగా రాని సంగతి ఒక్కటే, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోని చిన్నది చేస్తుంది, తీసిన తేదీ వగైరా లోపలి వివరాలు తీసేస్తుంది. గిరాకీ పంపిన మోడల్ ఫోటోలు నా దగ్గర ఏడెనిమిది వందలు ఉండేవి. 2019లో వచ్చినవీ 2022లో వచ్చినవీ కొత్త ఫోన్లో ఒకే రోజు కింద కుప్పపడ్డాయి. ఆండ్రాయిడ్‌లో ఆ ఫైలు పేరులోనే తేదీ అంకెలు ఉంటాయి కాబట్టి ఓపిక ఉంటే సరిచేసుకోవచ్చు. ఐఫోన్‌లో ఫోటో తేదీ మార్చే వీలుంది. నేను ఓ యాభై సరిచేసి మానేశాను. అప్పట్నుంచి ముఖ్యమైన మోడల్ ఏదైనా ఉంటే డాక్యుమెంటుగా పంపమంటున్నాను. అలా అయితే అసలు ఫోటో ఉన్నదున్నట్టు వస్తుంది.

ఆ డాక్యుమెంటు పద్ధతి నా వైపు నుంచి ఇంకోలా తన్నింది. పాతపట్నంలో మాకు మగ్గం పని చేసి ఇచ్చే అతను ఉన్నాడు. జరీ పోగు ఎటు తిరిగిందో కనిపించాలని ఐఫోన్‌తో దగ్గరగా తీసి డాక్యుమెంటుగా పంపితే, "ఫోటో తెరుచుకోట్లేదమ్మా" అన్నాడు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 (ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ఐఫోన్ కెమెరా జేపెగ్ అనే మామూలు ఫోటో రకం బదులు హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తుంది. చోటు తక్కువ తింటుంది, బాగానే ఉంటుంది. ఆండ్రాయిడ్ 9 నుంచీ ఆ రకం తెరుచుకుంటుంది కానీ అతనిది అంతకన్నా పాత ఫోన్. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ మోస్ట్ కంపాటిబుల్ అని పెడితే అప్పట్నుంచి తీసేవన్నీ జేపెగ్‌లే. అంతకుముందు తీసినవి మారవు. రెండు రకాల ఫోన్లున్న ఇంట్లో మొదటి రోజే ఇది పెట్టేసుకోవడం మంచిది. ఫోటోతో పాటు కాస్త కదలికని కూడా దాచే లైవ్ ఫోటోని కూడా నేను ఆపేశాను. జాకెట్టు కదిలేది ఏముంది?

ఇక్కడ కాస్త ఆగి, ఆల్బం సంగతి చెప్పాలి. ఆండ్రాయిడ్ గ్యాలరీలో ఆల్బం చాలావరకు ఒక ఫోల్డరే. నా భాషలో బీరువాలో అర. జాకెట్టు ఆ అరలో ఉంటే ఉన్నట్టు. ఐఫోన్‌లో ఫోటోలన్నీ ఒకే రాశి. ఆల్బం అనేది కొలతల పుస్తకంలో రాసుకున్న జాబితా లాంటిది. బట్ట ఒక్కచోటే ఉంటుంది, దాని పేరు ఎన్ని పేజీల్లో అయినా రాసుకోవచ్చు. బోట్ నెక్ జాకెట్టుకి మగ్గం పని ఉంటే ఆ ఒక్క ఫోటోనే రెండు ఆల్బంలలోనూ పెట్టొచ్చు, చోటు రెండింతలు పట్టదు. ఇది తెలిశాక నాకు పండగే అయింది. రెండున్నరేళ్ళపాటు ఇష్టం వచ్చినట్టు జాబితాలు రాసుకున్నాను. పెళ్ళికూతురు జాకెట్లని ఒకటి, అందులోంచి ఎరుపు రంగువి ఇంకొకటి, పోయినేడు కాశీనగర్ వాళ్ళవని మరొకటి. తిరిగి వచ్చేటప్పుడు ఈ జాబితాల్ని ఎవరు మోస్తారన్నది అప్పుడు ఆలోచించలేదు.

2025లో ఐఫోన్ బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేయడం మొదలైంది. రథయాత్ర వెళ్ళాక, ఆషాఢంలో, మంచి కెమెరా ఉన్న ఆండ్రాయిడ్ కొన్నాను. ముందు ఊళ్ళో ఒక మొబైల్ షాపులో అడిగితే, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించి అక్కడి నుంచి కొత్త ఫోన్లోకి వేసిచ్చారు. ఫోటో ఒక్కటీ పోలేదు. ఆల్బం ఒక్కటీ లేదు. ఐఫోన్‌ని కేబుల్‌తో తగిలిస్తే కంప్యూటర్‌కి కనిపించేది ఆ రాశి మాత్రమే, అంకెల పేర్లతో ఉన్న ఫోల్డర్లుగా. జాబితాలు దానికి కనబడవు.

ఆ మర్నాడే గుణుపురం నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు.

"పిన్నీ, పోయినేడు మా వదినకి కుట్టావే, వెనకాల నెమలి ఉన్నది, అదొకసారి చూపించు."

"ఏ నెలలో అమ్మా?"

"ఏమో, ఎండలు ముదిరాయి అప్పటికి."

ఎండలు ముదిరిన నెలలు మూడు. నేను వేలితో పైకి తోస్తూనే ఉన్నాను, బల్ల మీద ఆవిడ పెట్టిన ఆది జాకెట్టు ఫ్యాను గాలికి జారి రెండుసార్లు కింద పడింది. నెమలి దొరికేసరికి వాళ్ళ బస్సు టైమైంది. ఐఫోన్ షాపులోనే, సొరుగులో ఉంది. అందులో "నెమళ్ళు" అనే ఆల్బమే ఉంది. ఛార్జింగు లేదు.

తర్వాత దొరికిన దారి బాగుంది. ప్రైవసీ డాట్ ఆపిల్ డాట్ కామ్ అనే చోట, ఐక్లౌడ్‌లోని, అంటే ఇంటర్నెట్ మీద ఆపిల్ వాళ్ళు ఇచ్చే చోటులోని, ఫోటోల కాపీని గూగుల్ ఫోటోస్‌కి పంపమని అడగొచ్చు. 2021 నుంచి ఉన్న సదుపాయమే ఇది. దీనికి మన డేటా ఖర్చు కాదు, వాళ్ళ కంప్యూటర్ నుంచి వీళ్ళ కంప్యూటర్‌కి నేరుగా వెళ్ళిపోతుంది. అయితే ముందు ఫోటోలు ఐక్లౌడ్‌లో ఉండాలి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, నావి ఇరవై ఏడు. 50 జీబీ నెలకి 75 రూపాయలకి తీసుకున్నాను. గూగుల్ వైపు ఉచితం 15 జీబీ, అది కూడా జీమెయిల్‌తో కలిపి, కాబట్టి అక్కడ 100 జీబీ నెలకి 130. 2021 జూన్ 1కి ముందు గూగుల్ ఫోటోస్‌లో కాస్త తక్కువ నాణ్యతతో దాచుకుంటే ఎన్నైనా ఉచితం అనేవారు. ఆ రోజులు అయిపోయాయి.

నా సిమ్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ. ఇరవై ఏడు జీబీ ఎక్కించాలంటే పద్దెనిమిది రోజులు. అందుకని విశాఖ వెళ్ళి తమ్ముడి ఇంట్లో ఫైబర్ మీద రెండు రాత్రులు ఐఫోన్‌ని ఛార్జింగులో వదిలేశాను. మూడో రోజు ఉదయం ఐక్లౌడ్‌లో అన్నీ ఉన్నాయని చూసుకుని, రిక్వెస్టు పెట్టి బస్సెక్కాను. మూడు నుంచి ఏడు రోజులు పట్టొచ్చని వాళ్ళే రాస్తారు. నాకు నాలుగో రోజున పూర్తయినట్టు మెయిల్ వచ్చింది. ఐక్లౌడ్‌లోవి అలాగే ఉంటాయి, చెరిగిపోవు.

ఆల్బంలు వచ్చాయి. ఒకే ఫోటో రెండు చోట్లా ఉండడం కూడా వచ్చింది, ఎందుకంటే గూగుల్ ఫోటోస్‌లో కూడా ఆల్బం జాబితా లాంటిదే. కాకపోతే ప్రతి పేరుకీ ముందు "కాపీ ఆఫ్" అని తగిలించి వచ్చింది. కాపీ ఆఫ్ మగ్గం పని, కాపీ ఆఫ్ బుట్ట చేతులు. ఇదీ వాళ్ళు ముందే చెప్పే సంగతే. కూర్చుని ఒక్కొక్కటీ దిద్దుకుంటున్నాను. వేరేవాళ్ళతో పంచుకున్న ఆల్బంలు దీంట్లో రావు, లైవ్ ఫోటోలు కదలికతో రాకపోవచ్చు. నాకు ఆ రెండూ లేవు కాబట్టి ఇబ్బంది కాలేదు. ఆల్బంలు ముఖ్యమైనవాళ్ళకి ఐఫోన్ నుంచి బయటికి ఇదే దారి అంటాను, నెలకి 75 రూపాయలూ (గూగుల్‌లో చోటు చాలకపోతే 130 కూడా) కొన్నాళ్ళ ఓపికా ఉంటే. ఫోటోలు వస్తే చాలు అనుకునేవాళ్ళకి కేబుల్ సరిపోతుంది, ఊరికే ఇంత హైరానా అక్కర్లేదు.

ఇంత చేశాక కూడా నా షాపుకి ఒక లోటు మిగిలింది. గూగుల్ ఫోటోస్ ఆల్బంలు ఇంటర్నెట్ మీద ఉంటాయి, ఫోన్ గ్యాలరీలో కనిపించవు. వానాకాలం కరెంటు పోయి, సిగ్నల్ ఒకసారి ఆంధ్రా టవర్‌కీ ఒకసారి ఒడిశా టవర్‌కీ ఊగుతుంటే ఆల్బం తెరుచుకోక బూడిద రంగు గళ్ళు కనిపిస్తాయి. అందుకని రోజూ వాడే ఆరు ఆల్బంలని ఫోన్లోనే ఫోల్డర్లుగా పెట్టుకున్నాను. వాటిని పాత ఐఫోన్ నుంచి లోకల్‌సెండ్ అనే యాప్‌తో పంపాను. ఉచితం, ఇంటర్నెట్ అక్కర్లేదు, రెండు ఫోన్లూ ఒకే వైఫై మీద ఉంటే చాలు, ఒకదాని హాట్‌స్పాట్ అయినా సరే. ఆండ్రాయిడ్‌లో ఏ ఫోల్డర్‌లో పడాలో ముందే చెప్పి, ఒక్కో ఆల్బం ఎంచుకుని పంపడమే. వందా రెండు వందల ఫోటోలకి నేను చూసినవాటిలో దీనికి మించింది లేదు. తొమ్మిది వేలకి మాత్రం వద్దు, తెర ఆరిపోకుండా కాపలా కాయాలి. అంతకుముందు ఇంకో ఉచిత యాప్ వేస్తే యాభై ఫోటోలయ్యాక డబ్బు కట్టమంది. తీసి పారేశాను.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. ఐఫోన్‌లో ఆల్బం తీసేస్తే జాబితా పోతుంది, ఫోటోలు ఉంటాయి. ఆండ్రాయిడ్ గ్యాలరీలో ఆల్బం తీసేస్తే ఫోటోలు కూడా పోతాయి. రెండున్నరేళ్ళ ఐఫోన్ అలవాటుతో కొత్త ఫోన్లో "బుట్ట చేతులు 2" అని రెండోసారి పడిన ఆల్బం తీసేశాను. అందులో నూట నలభై ఫోటోలు, వాటిలో అరవై మొదటి దాంట్లో లేవు. అదృష్టం కొద్దీ గ్యాలరీ చెత్తబుట్టలో ముప్పై రోజులు ఉంటాయి, అదే రాత్రి వెనక్కి తెచ్చుకున్నాను. ఐఫోన్‌లో గూగుల్ ఫోటోస్ వాడేవాళ్ళు కూడా చూసుకోవాలి. అక్కడ డిలీట్ కొడితే ఫోన్లోనూ, ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే దాంట్లోనూ పోతుంది.

ఐక్లౌడ్‌కి కట్టే 75 ఇంకా ఆపలేదు. పేరు దిద్దని ఆల్బంలు పదకొండు మిగిలాయి. మొన్న ఒక ఒడియా ఆవిడ ఫోన్ తీసుకుని చూస్తూ, "కాపీ ఆఫ్ అంటే పక్క షాపు మోడళ్ళా?" అని అడిగింది.