అంతరా ఇంజక్షన్: నాలుగు డోసుల తర్వాత నా మాట

బాబు పుట్టిన రెండు నెలలకి, సంక్రాంతి వెళ్లాక, మా పీహెచ్‌సీలో గర్భం రాకుండా వేసే అంతరా ఇంజక్షన్ మొదటిది వేయించుకున్నాను. అట్లతద్దికి ముందు నాలుగోది అయింది. గవర్నమెంటు ఆసుపత్రిలో పైసా తీసుకోరు. ఒక డోసు 150 మిల్లీగ్రాములు, మూడు నెలలు పనిచేస్తుంది.

నేను దీన్ని ఎంచుకున్నది బాబు పాల కోసం. గర్భం రాకుండా మా చెల్లి వాడే మాలా-ఎన్ మాత్రల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉంటుంది. పాలు తగ్గొచ్చని, పాలిచ్చే తల్లికి ఆరు నెలలదాకా అవి ఇవ్వరు. అంతరాలో ఆ ఈస్ట్రోజన్ లేదు. కాన్పయిన ఆరు వారాల నుంచి వేస్తారు.

నర్సు మేడమ్ బీపీ, బరువు చూసి కార్డు రాశారు. సీసా అడుగున తెల్లగా పేరుకున్న మందు పాలలా కలిసేదాకా ఊపి, చేతికి వేశారు. "రుద్దకమ్మా, కాపడం పెట్టకు" అన్నారు. నెలసరి మారుతుందని మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది అదే.

పన్నెండో రోజు మరకలు మొదలయ్యాయి. గోధుమ రంగులో ఒకరోజు కనిపిస్తాయి, రెండ్రోజులు ఉండవు, మళ్లీ వస్తాయి. వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టుకున్నాను. రెండు నెలలకి 23 చుక్కలు. నేను మిషన్ కుడతాను. ఎవరిదో తెల్ల జాకెట్టు గుడ్డ ఒళ్లో ఉంటే లేచి కూర్చున్న ప్రతిసారీ టెన్షనే. శివరాత్రికి గుడికి వెళ్లాలా వద్దా అని పొద్దున్నదాకా తేలలేదు, చివరికి వెళ్లలేదు.

మానేద్దామనే అనుకున్నాను. ఆశా అక్క ఇంటికొచ్చి, క్యాలెండర్ చూసి, అప్పుడు చెప్పింది. ఈ మందు ఉన్నన్నాళ్లూ అండం విడుదల కాదు, గర్భసంచి లోపలి పొర పలచబడిపోతుంది. ఆ పలచటి పొర కొంచెం కొంచెంగా ఊడి మరకలవుతుంది, మొదటి నెలల్లో చాలామందికి ఇంతేనట. ప్యాడ్లు తడిసిపోయేలా పోతే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి రమ్మంది. ఈ నాలుగు మాటలు మొదటి రోజే చెప్పి ఉంటే నేను అన్ని రాత్రులు భయపడేదాన్ని కాదు.

రెండో డోసుకి చుక్కలు తగ్గాయి. మూడోదయ్యాక నెలసరే ఆగిపోయింది. ఈసారి అత్తయ్య కంగారు: "చెడు రక్తం కడుపులో పేరుకుపోతుందేమోనే!" కిట్‌తో పరీక్ష చేసుకున్నాను, గర్భం కాదు. పొరే పెరగనప్పుడు పేరుకోడానికి రక్తం ఎక్కడుందని అత్తయ్యకి నేనే చెప్పాను. చెల్లికి మాత్రం తారీఖు తప్పదు. దాని ప్యాకెట్టులో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఆ ఏడు రోజులూ హార్మోన్ అందదు కాబట్టి అప్పుడు బ్లీడింగ్ వస్తుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ఏ బెంగా లేకుండా చేసుకున్నాను, అది నాకు దొరికిన సుఖం.

త్వరలో ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్లు ఇది వేయించుకోవద్దు. ఆఖరి ఇంజక్షన్ తర్వాత మళ్లీ గర్భం రావడానికి మామూలుగా ఏడు నుంచి పది నెలలు పడుతుంది. ఎముకల గట్టిదనం కాస్త తగ్గుతుంది, మానేశాక తిరిగి వస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి రాగిజావ వదలడం లేదు.

మందుకి ఐదుకి నాలుగు ఇస్తాను. మొదటి రోజు చెప్పాల్సింది చెప్పకపోవడానికి ఒకటి తీసేశాను.

ఐదో డోసు తారీఖు సరిగ్గా సంక్రాంతి వారంలో పడింది, అప్పటికి పుట్టింట్లో ఉంటాను. రెండు వారాలు ముందైనా వేస్తారట, అందుకని ప్రయాణానికి ముందే వేయించుకుని వెళ్తాను.